గాటు

నాలుగు కాళ్ళూ గాల్లో ఈదుతుంటాయి.
"గట్టిగా పట్టుకో" అంటుంది వావిసువా.
మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటాడు
తమ్ముడు జౌజంద్రీ.

మోటార్ సైకిల్ బ్యాటరీకి తగిలించిన చిన్న బర్మా
ఈగలా మొదలై
కందిరీగవుతుంది.
బంగారు డిప్ప మీద మొదటి గాటు.
గోరు కాలిన వాసన.

మడగాస్కర్‌లో, బాలీ అఖాతం ఒడ్డున,
ఈ కాస్త వెదురు పొదల్లో తప్ప
భూమ్మీద ఇంకెక్కడా పుట్టదిది.
అసలీ దీవిలో చాలా వాటికి
పొరుగూళ్ళో చుట్టాల్లేరు.
కాటుక కళ్ళ లెమూర్లకి లేరు,
గోరంత ఊసరవెల్లికి లేరు.
చావు కబురు పంపడానికి
ఇంకో గడప లేని వంశాలు.

గడ్డం కింద నాగటి కర్రు మోస్తుంది మగది.
దున్నడానికి కాదు,
పోటీకొచ్చిన ఇంకో మగదాన్ని
వెల్లకిలా తిరగెయ్యడానికి.
జతకట్టే కాలంలో పొదల్లో డిప్పలు తగులుకుంటుంటే
ఎవరో అలిగి
గిన్నెలు తోముతున్నట్టుంటుంది.

తాతల నాడు
కోళ్ళ దొడ్లో ఒకదాన్ని ఉంచేవాళ్ళు,
కోళ్ళకి తెగులు సోకదని.
తినకూడదన్నారు తాతలు.
అమ్మకూడదని మాత్రం అనలేదు.
రాళ్ళలా పడుండే వీటిని
కొనేవాడొకడు పుడతాడని
వాళ్ళకి తోచలేదు.

వాడు తెరచాప పడవలో వచ్చాడు, చీకటి పడ్డాక.
ఎక్కడో మేడలో, గాజుపెట్టెలో, దీపం కింద
పెట్టుకుని చూసుకుంటారట.
పిల్లల్నయితే టేపు చుట్టి
మేజోళ్ళలో దూర్చి పంపుతారట.
ఆ ఏడు జౌజంద్రీ రెండు పట్టిచ్చాడు.
ఇంటికి రేకులొచ్చాయి.
ఇప్పుడు వాన పడ్డప్పుడల్లా
ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు.

అందుకే ఈ గాట్లు.
అందం చెడితే ధర పడుతుంది.
ధర పడితే, ఏమో,
ప్రాణం మిగలొచ్చు.
పసిబిడ్డ బుగ్గన తల్లి పెట్టిన దిష్టిచుక్క
సాయంత్రం నీళ్ళకి పోతుంది.
ఇది పోదు.

రెండో తరగతిలో బడి మానేసింది వావిసువా.
ఏడు అంకె నడుమన అడ్డగీత మాత్రం
పంతులమ్మ నేర్పినట్టే గీస్తుంది ఇప్పటికీ.
తన రాతంటూ ఇంకేముంది?
సంతలో అప్పుల చీటీలు, బియ్యం బస్తా మీద పేరు.
ఈ ఏడు మాత్రం
తను పోయాక కూడా బతికుంటుంది,
గడ్డి మేస్తూ.

"నొప్పి పుడుతుందా?" అనడిగాడు జౌజంద్రీ కొడుకు.
పుట్టదని చెప్పారు డాక్టరు.
పుడుతుంది అంది వావిసువా.
ఎవరికో చెప్పలేదు.

నిరుడొకసారి
ఎదురుగా కూర్చుని చెక్కిందేమో,
ఆరు తిరగబడి తొమ్మిదైంది.
ఆ తొమ్మిది అప్పటికే ఇంకొకదాని పేర ఉంది.
చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే
చీకటయింది, వదిలేసింది.
ఇప్పుడా పొదల్లో
ఒకే పేరుతో రెండు తిరుగుతున్నాయి.
లెక్కపెట్టేవాళ్ళు ఏటా వచ్చి
ఒకటి తక్కువైందని దిగులుగా వెళ్తారు.
తప్పే. దిద్దాల్సిందే.
కానీ ఆ రిజిస్టరు నకలు
ఆ పడవవాడి దగ్గర లేదని ఎవరు చెప్పగలరు?
ఏ కాగితంలోనూ లేనిదొకటి
అడవిలో ఉండనీ అనుకుంటుంది
రాత్రి నిద్ర పట్టనప్పుడు.

బర్మా ఆగింది.
పొడి ఊది, అరచేత్తో తుడిచి,
"దించు" అంటుంది.
నేల తగలగానే తల, కాళ్ళు అన్నీ
లోపలికి లాక్కుంటుంది.
నేల మీద ఓ బంగారు గుట్ట, దాని మీద నాలుగు అంకెలు.

మళ్ళీ తల బయటపెట్టేదాకా కదలకూడదు.
పిల్లాడు మూడుసార్లు ఆవులించాడు.
ఆవుల్ని తోలుకెళ్ళే వేళయింది.
వావిసువా లేచి బ్యాటరీ భుజాన వేసుకుంది.

జౌజంద్రీ ఇంకా అక్కడే ఉన్నాడు,
గొంతుక్కూచుని,
దాని ముఖం ఎటువైపో
చూస్తూ.